డాహాణి, చిల్లంగి, బాణామతి: అన్నిటికీ మంత్రగత్తె అనొచ్చా?

సందేహం: సార్, మాది ఒడిశాలో రాయగడ. మా స్కూలు పిల్లలు ఒడియాలో చెప్పే కొండకథల్ని తెలుగులో రాస్తున్నాను. వాళ్లు డాహాణి అన్నచోటల్లా నేను మంత్రగత్తె అని పెట్టుకుంటూ వచ్చాను. మా అమ్మ చదివి, అదేంటే, చిల్లంగి అనాలి కదా అంది. మహారాష్ట్రలోని సిరోంచ నుంచి వచ్చిన మా వదిన అయితే మా దగ్గర బాణామతి అంటారు అంది. ఇవన్నీ ఒకటేనా? పైగా బాణం వేసినట్టు తగులుతుంది కాబట్టి బాణామతి అని ఒకాయన చెప్పారు, నిజమేనా?

సమాధానం: ఒకటి కాదమ్మా. మీ అమ్మగారు, మీ వదిన చెప్పినవి పనికి పేర్లు, మీరు పెట్టింది మనిషికి పేరు. చిల్లంగి పెడతారు, చేతబడి చేస్తారు, బాణామతి చేయిస్తారు, క్రియ పక్కన పెట్టి చూస్తే తేడా మీకే తెలిసిపోతుంది. డాహాణి అలా కాదు, అది ఒక ఆడమనిషిని పట్టుకుని అనే మాట.

ముందు బాణామతి సంగతి చెప్పేస్తా. బాణానికీ దీనికీ సంబంధం లేదు, అది తర్వాత ఎవరో అతికించిన అర్థం. మరాఠీలో ఇది భానామతి. హిందీవాళ్లు భానుమతీ కా పిటారా అంటారు చూడండి, గారడీ చేసే భానుమతి పెట్టె అని, ఆ పేరే ఇది. మన నోట్లో భ కాస్తా బ అయింది, న కాస్తా ణ అయింది, అంతే. తెలుగులో రాసేటప్పుడు బాణామతి అనే రాయండి, జనం అనేది అదే.

మంత్రగత్తె అన్న మాట తప్పేం కాదు. అందగత్తె, పనికత్తె, చెలికత్తె ఎలాగో ఇదీ అలాగే, మంత్రానికి ఆడవాళ్లని చెప్పే కత్తె చేరి క గ అయింది. కానీ నేను పుట్టి పెరిగిన, మీ జిల్లాలోనే ఉన్న గుణుపురంలో ఈ మాట కథల పుస్తకాల్లో చదవడమే తప్ప ఇంటి అరుగు మీద ఎవరి నోటా వినలేదు. అరుగు మీద అనేది ఇంకోలా ఉంటుంది, "ఆవిడకి ఏవో వచ్చంట", "పిల్లోడికి ఎవరో ఏదో చేసేరు" అంటారు. ఏం చేశారో చెప్పరు, ఎవరు చేశారో చెప్పరు, ఒట్టి చేయడం ఒక్కటే మిగులుతుంది. చేతబడిలో ఉన్న చేత కూడా ఆ చేయడమే కదా. మరాఠీవాళ్లు దీన్నే కరణీ అంటారు, అదీ చేయడమే. సిరోంచలో మీ వదినకి రెండు మాటలూ తెలిసే ఉంటాయి, అడిగి చూడండి.

ఇక డాహాణి. సంస్కృతం డాకిని అరిగిపోతే హిందీలో డాయిన్, ఒడియాలో డాహాణి అయింది. మనం డాకినిని శాకినీ డాకినీ అని మంత్రాల్లోనే ఉంచేసుకున్నాం, ఊళ్లోకి రానివ్వలేదు, ఒడియాలో మాత్రం అది ఊళ్లోకొచ్చి ఒక ఇంట్లో కూర్చుంది. నాకు ఎనిమిదేళ్లప్పుడు అనుకుంటా, వానలు వెనకబట్టిన రోజులు, చీకటి పడ్డాక వంశధార వైపు చిత్తడి మడుల మీద చిన్న వెలుగు ఒకటి కదులుతూ కనిపించింది. మా మామ్మ అరుగు మీంచి, కొరివి దయ్యంరా, లోపలికి రా అంది. పక్కనే బియ్యం చెరుగుతున్న మా పనావిడ చేట ఆపేసి, డాహాణీ ఆలుఅ అంది, అంటే డాహాణి వెలుగు అని, అని ఊరుకోకుండా గొంతు తగ్గించి ఊరి చివర ఒంటరిగా ఉండే ఒక ముసలావిడ పేరు చెప్పింది. మర్నాడు ఆ ముసలావిడే చింతపండు బుట్టతో వచ్చింది. మామ్మ ఎప్పట్లాగే పిక్క తీసిందా లేదా అని చూసి తూకం వేయించుకుంది, మా పనావిడ మాత్రం నన్ను వెనక్కి లాగి తన చెంగు నా తల మీద కప్పేసింది. ఆ చెంగు నాకిప్పటికీ గుర్తుంది.

చిత్తడి నేలలో కుళ్లిన ఆకులూ గడ్డీ వదిలే వాయువు వల్ల అలాంటి వెలుగు వస్తుందని తర్వాత చదువుకున్నాం, అది వేరే విషయం. వెలుగు ఒకటే కానీ తెలుగు మాటలో అది చచ్చినవాళ్లది, ఒడియా మాటలో బతికున్న మనిషిది. కొరివి దయ్యానికి ఇల్లుండదు, వెళ్లి కొట్టడానికి ఎవరూ దొరకరు. డాహాణికి ఇల్లుంటుంది, పేరుంటుంది, చింతపండు బుట్ట కూడా ఉంటుంది. అందుకే మీ కథల్లో డాహాణిని డాహాణి అనే ఉంచండి, మొదటిసారి వచ్చినప్పుడు ఒక్క వాక్యంలో అర్థం చెప్తే చాలు.

ఇంకో మాట దగ్గర మీరు తప్పకుండా జారిపడతారు కాబట్టి ముందే చెప్తున్నా. పిల్లలు గుణి గారెడి అంటారు, దాన్ని గారడీ అని రాసేయకండి. గరుడుడి పేరు మీద పాము విషం దించే గారుడ మంత్రం నుంచి వచ్చిన మాట ఇది, మరాఠీలో గారుడీ అంటే పాములాడించేవాడు, మన దగ్గర గారడీ అంటే సంతలో డప్పు కొట్టి చూపించే ఆట, ఒడియాలో గుణి గారెడి అంటే అచ్చంగా చేతబడి. అలాగే గుణియా కనిపిస్తే మంత్రగాడు అని పెట్టేయకండి, చాలా ఊళ్లలో జ్వరమొస్తే ముందు వెళ్లేది ఆయన దగ్గరికే, మన పార్వతీపురం వైపు ఏజెన్సీలో ఎజ్జోడు ఎలాగో అలా. మీ కొండల్లో ఉండే కోందు గిరిజనుల బేజుణి విషయంలో మరీ జాగ్రత్త. ఆమె దేవతలు ఒంటి మీదకొస్తే వాళ్ల మాట ఊరికి చెప్పే ఆవిడ, ఊరంతా గౌరవించే మనిషి, ఆమెని మంత్రగత్తె అని రాస్తే పూజారమ్మని పట్టుకుని తిట్టినట్టే. పర్లాకిమిడిలో ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవరల మాటల్ని వాళ్ల నోటి నుంచే విని రాసుకుని నిఘంటువు చేశారు, మీరు పిల్లల దగ్గర చేస్తున్నదీ ఆ దారిలో పనే, కాబట్టి వాళ్ల మాటని మన మాట కింద కప్పేయొద్దు.

మీరు అడగలేదు కానీ ఇది రాయకుండా ఉండలేను. పేపర్లలో "చేతబడి చేసిన మహిళ హత్య" అని హెడ్డింగులు చూసి నాకు కడుపు రగిలిపోతుంది. చేసిన అంటే చేసిందని మనమే తేల్చేసినట్టు, చంపినవాళ్ల మాటని మన మాటగా అచ్చేసినట్టు. చేసిందన్న అనుమానంతో అని రాయాలి, చేస్తోందంటూ నింద వేసి అని రాయాలి. అన్న, అంటూ, అని, ఈ చిన్న మాటలు మన భాషలో ఎవరి మాట ఎవరిదో విడదీసి చూపిస్తాయి, ఇంత సులువుగా ఉన్నదాన్ని జాగా సరిపోలేదని తీసేస్తారా? ఒడిశాలో 2013 నాటి చట్టం ప్రకారం ఒక మనిషికి ఆ ముద్ర వేయడమే నేరం, కొట్టేదాకా అక్కర్లేదు. మహారాష్ట్రలో కూడా ఆ ఏడాదే చేతబడిలాంటి మూఢనమ్మకాల మీద చట్టం వచ్చింది, దానికోసం ఏళ్ల తరబడి పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ని ఆ ఆగస్టు 20న పుణేలో కాల్చి చంపాకే వచ్చింది.

మీ కథల్లో కూడా ఇది చూసుకోండి. పిల్లాడు "ఆవిడ రాత్రి పులిగా మారింది" అని చెప్తే అలాగే రాయండి, కథలో మారనివ్వండి, కోందుల్లో మనిషి పులవుతాడన్న నమ్మకం ఉంది కదా. అదే పిల్లాడు "మా వీధి చివర ఆవిడ డాహాణి" అన్నాడంటే అది కథ కాదు, అక్కడ "డాహాణి అంటారు" అని రాయాలి, ఆవిడ పేరూ వీధీ మాత్రం రాయకండి. వీలైతే ఒక కథ నాకు పంపండి, ఒడియాలో పిల్లాడు చెప్పింది చెప్పినట్టు, మీ తెలుగు పక్కన పెట్టి, క్రియలు కలిపి చూద్దాం.