పదో తేదీ ‘వరకు’ అంటే పదో తేదీ ఉన్నట్టా, లేనట్టా?

సందేహం: మా కాలేజీ పిల్లల కోసం లినక్స్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. లాగ్‌లు, అంటే కంప్యూటర్ తనలో జరిగినవాటిని సమయంతో సహా రాసుకునే నమోదులు, వెతికే జర్నల్‌సీటీఎల్ కమాండ్ గురించి చెబుతూ, ‘--సిన్స్ 2024-05-08 --అంటిల్ 2024-05-10 అని ఇస్తే 8వ తేదీ నుంచి 10వ తేదీ వరకు ఉన్న లాగ్ కనిపిస్తుంది’ అని రాశాను. పిల్లలు చేసి చూస్తే 10వ తేదీ పగటిది ఒక్క లైనూ రాలేదు. ‘వరకు’ తప్పా? ‘దాకా’ అనాలా? ఆప్షన్‌ను ‘ఐచ్ఛికం’ అనవచ్చా?

సమాధానం: మీ వాక్యం తెలుగుగా తప్పు కాదు. కానీ ఆ ఆప్షన్ చేసే పని ఆ వాక్యంలో లేదు. ‘దాకా’ అని మార్చినా ఇదే చిక్కు. పాత పుస్తకాల్లో ‘వఱకు’, ‘దాఁక’ అని కనిపించే ఈ రెండు మాటలకూ ఈ విషయంలో తేడా లేదు.

‘గుమ్మం వరకు వచ్చాడు’ అంటే లోపలికి రాలేదని అర్థం. ‘ఐదింటి వరకు ఉంటాను’ అంటే ఐదు కాగానే వెళ్లిపోతానని. మరి ‘మూడో పాఠం వరకు చదువుకు రండి’ అంటే? మూడో పాఠం వదిలేసి రమ్మని ఎవరూ అనుకోరు. ‘పదో తేదీ వరకు సెలవులు’ అంటే బడి తెరిచేది పదకొండున. తేడా ‘వరకు’లో లేదు, దాని ముందున్న మాటలో ఉంది. గుమ్మం, ఐదు గంటలు గీతల్లాంటివి. పాఠానికీ రోజుకూ నిడివి ఉంది. నిడివి ఉన్నదాని పక్కన ‘వరకు’ చేరితే దాన్ని మొత్తంగా కలుపుకోవడం మనకు అలవాటు.

జర్నల్‌సీటీఎల్ అలా కలుపుకోదు. తేదీ ఇచ్చి సమయం ఇవ్వకపోతే 00:00:00 అని తనే వేసుకుంటుంది. అంటే మీరిచ్చిన 10వ తేదీ దాని లెక్కలో రోజు కాదు, 9 ముగిసి 10 మొదలయ్యే క్షణం. రోజును గీతగా మార్చేసింది, అంతే. --సిన్స్ దగ్గర ఈ పేచీ రాదు. ‘8వ తేదీ నుంచి’ అంటే మనకూ 8 మొదలైనప్పటి నుంచే కదా.

సరిదిద్దబోయి ‘10వ తేదీ అర్ధరాత్రి వరకు’ అని మాత్రం రాయకండి. తెలుగువాళ్లకు పదో తేదీ అర్ధరాత్రి అంటే పదో తేదీ పగలు గడిచాక వచ్చే రాత్రి. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. శివరాత్రి జాగారం చేసేవాళ్లకు తెల్లవారుజామున రెండింటికి కూడా అది శివరాత్రే. గడియారం పన్నెండు దాటితే తేదీ మారుతుందని తెలిసినా, మాటలో పాత లెక్కే నడుస్తుంది. ‘10వ తేదీలోపు’ అన్నా తేలదు. ఫీజు పదో తేదీలోపు కట్టమంటే పదిన కట్టేవాళ్లే ఎక్కువ. క్రియతో చెబితే ఏ అనుమానమూ ఉండదు:

‘8వ తేదీ మొదలైనప్పటి నుంచి 10వ తేదీ మొదలయ్యేదాకా నమోదైనవి కనిపిస్తాయి. 10వ తేదీవి కూడా కావాలంటే --అంటిల్ దగ్గర 2024-05-11 ఇవ్వండి.’

సమయం కూడా ఇస్తే, మధ్యలో ఖాళీ వస్తుంది కాబట్టి, “2024-05-10 18:00” అని కోట్స్‌లో పెట్టాలని ఆ పక్కనే చెప్పండి. అప్పుడు ‘సాయంత్రం ఆరింటి వరకు’ అని నిశ్చింతగా రాయవచ్చు.

‘ఐచ్ఛికం’ వద్దు. అది ‘ఐచ్ఛిక సెలవు’లో లాగా విశేషణంగా బాగుంటుంది. హైఫన్ పెట్టి టైప్ చేసే ఈ వస్తువును పిల్లలు ఆప్షన్ అనే అంటారు, మీరూ అలాగే రాయండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి. లాగ్‌లోని నమోదులను తీవ్రతను బట్టి వడకట్టే ‘-పి ఎర్’ (ఎర్ అంటే ఎర్రర్) గురించి రాసేటప్పుడు ‘ఎర్, ఆ పై స్థాయివి’ అనకండి. స్థాయిలు 0 నుంచి 7. అన్నిటికన్నా తీవ్రమైనది 0, ఎర్ 3. ‘పై’ అనగానే పిల్లలు 4, 5 వైపు చూస్తారు. ‘ఎర్, అంతకన్నా తీవ్రమైనవి’ అనండి. ‘0 నుంచి 3 వరకు’ అన్నా సరే, ఇక్కడ 3 కూడా అందులో ఉంటుంది.