నెలలు నిండకుండా పుట్టిన పాపకు కంటి పరీక్ష మూడో నెల దాకా ఆపొచ్చా?

పాప 31 వారాలకే 1400 గ్రాములతో పుట్టిందని, ఈరోజుకి 26 రోజులని రాశారు. డిశ్చార్జ్ కాగితంలో ‘ఆర్‌ఓపీ స్క్రీనింగ్’ అని ఉందట, అంటే నెలలు నిండని పిల్లలకి కంటి వెనక రెటీనాలో వచ్చే జబ్బు ఉందేమో చూసే పరీక్ష. కళ్ళు చూస్తే బాగానే ఉన్నాయి, మూడో నెల వచ్చేదాకా గడప దాటించొద్దని మీ అత్తగారు అంటున్నారు, ఆగొచ్చా అని అడిగారు.

ఆగొద్దండి. ఇంకో నాలుగు రోజుల్లో చూపించేయండి. నేను డాక్టర్ని కాదు, గాజువాకలో ఉండే మామూలు తల్లిని. ఇదే పొరపాటు చేసి కొద్దిలో బయటపడ్డాం కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మా బాబు 32 వారాలకు పుట్టాడు, 1620 గ్రాములు. ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో 19 రోజులు ఉన్నాడు, మొదటి వారం ఆక్సిజన్ మీదే. ఆసుపత్రి పేరు వద్దులెండి. ఇంటికి పంపేటప్పుడు ‘కళ్ళు కూడా ఒకసారి చూపించుకోండి’ అన్నారు, అంతే. ఎప్పటిలోగా అన్నది ఎవరూ చెప్పలేదు. పాల లెక్కకీ మందుల చీటీకీ మధ్యలో ఒక లైను రాసి ఉందని తర్వాత చూసుకున్నాం. పైగా అమెరికాలో ఉన్న మా ఆడపడుచు వెతికి చూసి, అక్కడ 1500 గ్రాములు, లేదా 30 వారాల లోపు పుట్టినవాళ్ళకే ఈ పరీక్ష, మీవాడికి అక్కర్లేదంది. ఆవిడ తప్పు చెప్పలేదు, అక్కడి లెక్క అదే. మన దేశంలో అంతకన్నా బరువున్న పిల్లలకీ ఈ జబ్బు ముదురుతోంది. అందుకే ఇక్కడ 2000 గ్రాముల లోపు గానీ, 34 వారాల లోపు గానీ పుట్టినవాళ్ళందరికీ చూడాలంటారు, అదీ పుట్టిన 30 రోజుల్లోపు. 28 వారాల లోపు, లేదా 1200 గ్రాముల లోపు అయితే రెండు మూడు వారాలకే.

ఇదంతా నాకు తెలిసింది 33వ రోజున, బరువు చూపిద్దామని పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్తే. ఆయన కసిరిన కసురు ఇప్పటికీ గుర్తుంది. మర్నాడే హనుమంతవాకలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి పరిగెత్తాం.

కంటి వెనక చూపునిచ్చే పొర రెటీనా, దానికి రక్తనాళాలు కడుపులో నాలుగో నెలలో మొదలై, నెలలు నిండేసరికి అంచుల దాకా పాకుతాయట. ముందే పుడితే ఆ పాకడం సగంలో ఉంటుంది. రక్తం అందని అంచు భాగం ఆకలితో కేకలు పెట్టినట్టు ఏవో సంకేతాలు పంపుతుంది, దాంతో పిచ్చి నాళాలు మొలుస్తాయి. అవి ముదిరితే రెటీనాని లాగి ఊడదీస్తాయి. ఇవేవీ బయటికి కనిపించవు. మా వాడి కళ్ళు కూడా నల్లగా, చక్కగా ఉండేవి. కనుపాప తెల్లగా కనిపించిందంటే అప్పటికే చివరి దశ, ఆపరేషన్ చేసినా చూపు అంతంతే.

పరీక్ష చూడ్డానికి కష్టంగానే ఉంటుంది. గంట ముందునుంచీ చుక్కలు వేస్తారు. తర్వాత బిడ్డని గుడ్డలో చుట్టి, రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్పు పెట్టి చూస్తారు. ఐదు నిమిషాల పనే, కానీ ఆ ఏడుపు వినలేక నేను బయటికి వచ్చేశాను. మా వారే పట్టుకున్నారు. రెండో దశ, వారానికి మళ్ళీ రండి అన్నారు. ఆ వారం దాటనివ్వలేదు కాబట్టి సరిపోయింది. రెండోసారికి మూడో దశ, పైగా ‘ప్లస్’. అంటే నాళాలు ఉబ్బి మెలికలు తిరిగాయని. రెండు మూడు రోజుల్లో వైద్యం జరిగి తీరాలన్నారు. మర్నాడే రెండు కళ్ళకీ లేజర్ చేశారు.

లేజర్ అంటే కన్ను కాల్చేస్తారేమో అని మా అమ్మ ఒకటే ఏడుపు. కాల్చేది నాళాలు చేరని అంచు భాగాన్ని. పక్క చూపు కొంచెం తగ్గొచ్చు, నట్టనడి చూపు నిలబడుతుంది. రెండు రోజులు రెప్పలు వాచాయి, తర్వాత మామూలే. కొందరికి లేజర్ బదులు కంట్లో ఇంజెక్షన్ ఇస్తారు, ముఖ్యంగా జబ్బు కంటి మధ్యకి దగ్గరగా ఉంటే. దాని తర్వాత నెలల తరబడి చూపిస్తూనే ఉండాలి, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టవచ్చు. ఏది మంచిదో నన్నడక్కండి, అది డాక్టర్ చెప్పాలి.

మా వాడికి ఇప్పుడు ఐదేళ్ళు. మైనస్ ఐదు కళ్ళజోడు, ఏడాదికోసారి చెకప్. ఆర్కే బీచ్‌లో గాలిపటం కనిపిస్తే అందరికన్నా ముందు వాడే అరుస్తాడు.

మీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి. చంటిబిడ్డకి చలి, జలుబు అంటుకోవడం నిజమైన ప్రమాదాలే. ‘కంటికి గడువు నెల రోజులే, టోపీ పెట్టి గుండెకి హత్తుకుని తీసుకెళ్ళి తెస్తాం’ అంటే మా అత్తగారు ఒప్పుకోవడమే కాదు, వెంట కూడా వచ్చారు. దిష్టి కాటుక బుగ్గన పెడితే పెట్టనివ్వండి, కంట్లో మాత్రం వద్దు.

డబ్బు టెన్షన్ ఉంటే ముందే మీ ఏఎన్‌ఎంని అడగండి. పిల్లలకి ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ జబ్బు ఉంది.

మీరు పెందుర్తి అన్నారు కదా, సింహాచలం, అడివివరం మీదుగా వస్తే హనుమంతవాక తిన్నగా తగులుతుంది, ఎన్‌ఏడీ ట్రాఫిక్‌లో పడక్కర్లేదు. డిశ్చార్జ్ సమ్మరీ మర్చిపోవద్దు, ఎన్ని వారాలకు పుట్టింది, ఎంత బరువు, ఎన్నాళ్ళు ఆక్సిజన్ అని మొట్టమొదట అడుగుతారు. పరీక్షకి గంట ముందు పాలు ఆపమంటారు, లేకపోతే ఏడుపులో కక్కేస్తారు. అయిపోగానే పట్టడానికి సిద్ధంగా ఉండండి.