రియల్ ఎస్టేట్ నేర్చుకోవాలంటే గురువును డబ్బిచ్చి తెచ్చుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి చిన్న ఉద్యోగంలో చేరింది. రియల్ ఎస్టేట్‌లో పెట్టుబడి పెట్టడం నేర్చుకుంటానని కొన్నాళ్లుగా అంటోంది. ఈమధ్య ఆన్‌లైన్‌లో ఒక ఉచిత క్లాసు విన్నది. ఇప్పుడు మూడు రోజుల శిక్షణలో చేరాలట. దానికి తన రెండు నెలల జీతమంత ఫీజు. ఆ తర్వాత పర్సనల్ మెంటార్ కావాలంటే ఇంకా పెద్ద మొత్తం. మా ఇంట్లో ఎవరికీ ఈ వ్యవహారాలు తెలియవు. మేం దాచుకున్న డబ్బు ఫీజుకు గానీ, మొదటి పెట్టుబడికి గానీ ఇవ్వచ్చా? కొత్తవాళ్లకు దారి చూపించేవాళ్లు అసలు ఎక్కడ దొరుకుతారు?

జవాబు: అమ్మా, ముందు ఫీజు సంగతి తేల్చేద్దాం. ఇప్పుడే కట్టొద్దు.

శిక్షణలన్నీ మోసమని నేననను. కానీ మీరు రాసిన వరస చూస్తే, అంటే ముందు ఉచిత క్లాసు, తర్వాత మూడు రోజుల శిక్షణ, ఆపైన పర్సనల్ మెంటార్, ఇది కొత్త పద్ధతేం కాదు. అమెరికాలో 2005లో మొదలై 2010లో మూతపడ్డ ‘ట్రంప్ యూనివర్సిటీ’ ఇలాగే నడిచింది. ఉచిత పరిచయ సభ, దాని వెనకే సుమారు 1,500 డాలర్లకు మూడు రోజుల శిక్షణ, ఆ తర్వాత 35,000 డాలర్ల దాకా పలికే మెంటార్ ప్యాకేజీలు. ఆ మూడు రోజులూ పై ప్యాకేజీ అంటగట్టడానికే ఎక్కువ పాటుపడ్డారని, క్రెడిట్ కార్డు పరిమితి పెంచుకోమని పురికొల్పారని చేరినవాళ్లు ఫిర్యాదు చేశారు. చివరికి 2016 నవంబరులో, తప్పు ఒప్పుకోకుండానే, రెండున్నర కోట్ల డాలర్లు ఇచ్చి కేసులు పరిష్కరించుకున్నారు.

మీ అమ్మాయి విన్న సంస్థ కూడా అలాంటిదేనని చెప్పడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు. అందుకే ఆమెనే వాళ్లను రెండు మాటలు అడగమనండి. ఒకటి, నచ్చకపోతే ఫీజు ఎప్పటిలోగా, ఎంత వెనక్కిస్తారో రాతపూర్వకంగా ఇవ్వగలరా? రెండు, పాఠం చెప్పే వ్యక్తికి కిందటేడు వచ్చిన ఆదాయంలో అద్దెల మీద, అమ్మకాల మీద వచ్చిందెంత, పాఠాల మీద వచ్చిందెంత? రెండోదానికి నేరుగా జవాబు రాదు. జవాబు ఎలా దాటవేస్తారో చూస్తే చాలు. ‘ఈ రాత్రిలోగా కడితే సగం ధరే’ అన్నారంటే మాత్రం ఫోను పెట్టేయమనండి. నేర్చుకోవాల్సింది రేపటికి మాసిపోదు.

ఇక మీ అసలు ప్రశ్న. దారి చూపించేవాళ్లు ఎక్కడ దొరుకుతారని అడిగారు. కొత్తవాళ్లందరూ ఒక్క మనిషి కోసం వెతుకుతారు. అన్నీ తెలిసినవాడు, నిజాయితీపరుడు, తీరిక ఉన్నవాడు, పైగా మన మీద అభిమానం ఉన్నవాడు కావాలంటారు. అలాంటివాడు దొరికితే అదృష్టమే గానీ, ఈ రంగంలో తెలివి ఒకరి దగ్గర కుప్పగా ఉండదు. ఒక ఇల్లు చేతులు మారడంలో పదిమంది పాత్ర ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క తెలుసు. ఎవరికి ఏ ముక్క తెలుసో, ఆ మనిషికి డబ్బు ఎక్కడి నుంచి, ఎప్పుడు వస్తుందో గమనించి, దానికి తగ్గ ప్రశ్న అడగడమే మీ అమ్మాయి నేర్చుకోవలసిన మొదటి విద్య.

బ్రోకరునే తీసుకోండి. బేరం కుదిరితేనే అతనికి కమీషను. కాబట్టి ‘ఇది కొనవచ్చా?’ అని అతణ్ని అడగడం దండగ. కొనమనే అంటాడు, అందులో అతని తప్పూ లేదు. కానీ ఆ వీధిలో ఏ ఇల్లు ఎన్నాళ్లుగా అమ్ముడుపోకుండా ఉంది, చెప్పిన ధరకూ చివరికి కుదిరిన ధరకూ ఎంత తేడా, అద్దెకు వచ్చేవాళ్లు ఎలాంటి ఇల్లు అడుగుతున్నారు అనేవి అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. ఇవి అడిగితే గంటసేపైనా చెబుతాడు.

బ్యాంకులో అప్పులిచ్చే అధికారికి తన అప్పు తిరిగొస్తుందా లేదా అన్నదే ముఖ్యం. మీ అమ్మాయికి లాభం వస్తుందా అన్నది అతని లెక్కలో లేదు. ‘బ్యాంకే లోను ఇచ్చింది, ఇంక ఢోకా లేదు’ అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. ఆస్తి విలువ కట్టే నిపుణుడి విషయమూ అంతే. అతన్ని పెట్టింది బ్యాంకైతే అతని నివేదిక బ్యాంకు కోసమే. మీకోసం కావాలంటే మీరు వేరే ఫీజు ఇచ్చి పెట్టుకోవాలి.

లాయరు సంగతి వేరు. బేరం కుదిరినా చెడినా అతని ఫీజు అతనికి వస్తుంది. అందుకే ‘వద్దు’ అనే మాట అతని నోట తేలిగ్గా వస్తుంది. యాజమాన్యం ఎవరి నుంచి ఎవరికి మారుతూ వచ్చింది, ఆస్తి మీద తాకట్టు గానీ కోర్టు దావా గానీ ఉందా, పన్నుల బకాయిలున్నాయా, ఆ స్థలంలో ఏం కట్టుకోవడానికి అనుమతి ఉంది, ఇవన్నీ అతను చూడాల్సినవి. ఒక్క షరతు. ఆ లాయరును అమ్మేవాళ్లో బ్రోకరో చూపించి ఉండకూడదు. మీ అంతట మీరు వెతుక్కోవాలి.

వీళ్లందరికంటే నాకు ఎక్కువ గురి ఎవరి మీదంటే, ఇళ్లూ దుకాణాలూ అద్దెకిచ్చి వాటి మంచిచెడ్డలు చూసుకునే నిర్వాహకుల మీద. కొత్తవాళ్లు వీళ్ల దగ్గరికి వెళ్లరు, ఎందుకంటే వీళ్లు వేదికలెక్కి మాట్లాడరు. కానీ అద్దెదారు ఎందుకు ఖాళీ చేశాడు, పైకప్పు ఎన్నేళ్లకు కారడం మొదలైంది, ఏ రకం ఇల్లు నెలల తరబడి ఖాళీగా పడి ఉంటుంది, ఇవన్నీ వీళ్ల రిజిస్టర్లలో ఉంటాయి. ఒక ఆస్తి చేతిలోకి వచ్చాక దాంతో పడే బాధలు వీళ్లకే తెలుసు.

అయితే ఎవరి దగ్గరికైనా ఉత్త చేతులతో వెళితే ఉత్త మాటలే దొరుకుతాయి. ‘సార్, నాకు మెంటార్‌గా ఉంటారా?’ అని అడిగితే ఎవరైనా తప్పించుకుంటారు. అది వాళ్లకు ఎప్పటికీ తెగని పనిలా కనిపిస్తుంది. నా సలహాతో ఒక కుర్రాడు ఒకే ఒక్క కాగితం రాసుకుని, చాలాకాలంగా ఇళ్లు అద్దెకిస్తున్న ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాడు. అమ్మకానికి పెట్టిన ఒక ఇంటి ధర, రాగల అద్దె, ఖర్చులు, కిస్తీ అందులో ఉన్నాయి. ‘ఇందులో నేనేం వదిలేశానో చెప్పగలరా అమ్మా?’ అన్నాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదివి, అద్దె పక్కన వేలు పెట్టి ‘పన్నెండు నెలలూ అద్దె వస్తుందని నీకెవరు చెప్పారు?’ అంది. తర్వాత కాగితం తిప్పి, నీళ్ల మోటారు, రంగులు, మెట్ల దీపాలు అంటూ తనే ఖర్చులు రాసింది. అతను వచ్చేటప్పటికి వెనకవైపు ఖాళీ లేదు.

మీ అమ్మాయి కూడా అలాంటి కాగితం ఒకటి రాయాలి. ఎలా ఉంటుందో చూపిస్తాను. అంకెలు లెక్క కోసం తీసుకున్నవే. ఇంటి ధర 100 అనుకోండి. అందులో 20 సొంత డబ్బు, 80 అప్పు. ఏడాదికి అద్దె 5. ఒక నెల ఖాళీగా ఉంటే చేతికొచ్చేది దాదాపు 4.6. పన్ను, బీమా, మరమ్మతులు, నిర్వహణ కలిపి 1.3 పోతే మిగిలేది 3.3. అప్పు మీద 8 శాతం వడ్డీ అంటే 6.4. అంటే అప్పులో అసలు మొత్తం ఒక్క పైసా కూడా తీరకముందే ఏడాదికి 3.1 చేతి నుంచి పెట్టుకోవాలి. ఇల్లు ‘అద్దెతో తనను తానే పోషించుకుంటుంది’ అని క్లాసులో చెప్పి ఉంటారు. ఈ ఇల్లు పోషించుకోదు, మీ అమ్మాయి జీతం తింటుంది.

మరి లాభం ఎక్కడుంది? ధర పెరగడంలో ఉంది. ధర 10 శాతం పెరిగితే చేతి నుంచి పెట్టిన 3.1 పోను 6.9 మిగులుతుంది. పెట్టిన 20 మీద అది 34 శాతానికి పైనే. క్లాసులో చూపించే లెక్క ఇది. అదే ధర 10 శాతం తగ్గితే? ఇంటి విలువ 90, అప్పు అదే 80. మన వాటా 20 కాస్తా 10కి వచ్చింది, పైగా 3.1 పెట్టాం. అంటే ఇంటి ధర పదో వంతు పడితే మన డబ్బు మూడింట రెండొంతుల దాకా పోయింది. కొనేటప్పటి పన్నులు, ఫీజులు, అమ్మేటప్పటి కమీషను ఇందులో కలపనే లేదు. ఈ రెండో లెక్క తనంతట తాను చూపించని మనిషి ఎంత మంచివాడైనా గురువుగా పనికిరాడు.

‘భూమి ధర ఎప్పుడూ తగ్గదు’ అనే మాట ఎవరన్నా సరే నమ్మకండి. జపాన్‌లో 1991 తర్వాత నగరాల భూముల ధరలు పదేళ్లకు పైగా పడుతూనే పోయాయి. అమెరికాలో 2006లో శిఖరానికి చేరిన ఇళ్ల ధరలు 2012 నాటికి సగటున నాలుగో వంతుకు మించి తగ్గాయి. ఆ మధ్యలో కిస్తీలు కట్టలేక ఇళ్లు వదులుకున్నవాళ్లలో అప్పటిదాకా తమను తాము తెలివైన పెట్టుబడిదారులుగా అనుకున్నవాళ్లూ ఉన్నారు.

కెరీర్ సలహాదారుగా నన్నడిగితే, ఫీజు కట్టి నేర్చుకోవడం కంటే జీతం తీసుకుంటూ నేర్చుకోవడం మేలు. మీ అమ్మాయికి నిజంగా ఈ రంగం మీద మనసుంటే, ఇళ్ల నిర్వహణ చూసే ఆఫీసులోనో, విలువ కట్టే సంస్థలోనో, బ్యాంకు గృహరుణాల విభాగంలోనో, ఆస్తి పత్రాలు పరిశీలించే లాయరు దగ్గరో పని వెతుక్కోమనండి. సెలవు రోజుల్లో చేసే చిన్న పనైనా సరే. అక్కడ ఏడాది ఫైళ్లు తిరగేస్తే, ఎన్ని బేరాలు ఎక్కడ చెడతాయో కళ్లారా చూస్తుంది. ఆ తర్వాత ఇది తన వృత్తి కావాలనిపిస్తే, ఆస్తుల విలువ కట్టడం గౌరవమున్న చదువే. లండన్‌లో 1868లో మొదలైన రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ చార్టర్డ్ సర్వేయర్స్ ఇచ్చే అర్హతకు చాలా దేశాల్లో విలువుంది. దానికి ఏళ్లు పడుతుంది, పరీక్షలుంటాయి. మూడు రోజుల సర్టిఫికెట్‌తో దాన్ని పోల్చలేం.

పైసా ఖర్చులేని పాఠం ఇంకొకటుంది. రీట్‌లనే సంస్థలు పెద్ద భవనాలు కొని అద్దెకిచ్చి, వచ్చిన ఆదాయంలో ఎక్కువ భాగం వాటాదారులకు పంచుతాయి. 1960లో అమెరికా చట్టంతో మొదలైన ఈ ఏర్పాటు ఇప్పుడు నలభైకి పైగా దేశాల్లో ఉంది. షేర్ మార్కెట్లో నమోదైన రీట్ తన వార్షిక నివేదిక బయటపెట్టాలి. ఎంత భాగం ఖాళీగా ఉంది, అద్దె ఒప్పందాలు ఏ ఏడాది ముగుస్తాయి, అప్పు ఎంత, మరమ్మతులకు ఎంత అన్నీ అందులో ఉంటాయి. ఒక్క నివేదిక మొదటి నుంచి చివరిదాకా చదివితే, తన కాగితంలో ఏయే గడులు ఉండాలో మీ అమ్మాయికే తెలిసిపోతుంది. ఇంటి కోసం లక్షణంగా డబ్బు కూడేలోగా కొద్ది మొత్తం పెట్టి చూడాలనిపిస్తే రీట్ వాటాలు చిన్న మొత్తాలకే దొరుకుతాయి. వాటి ధర కూడా పడుతుంది, లేస్తుంది. అది తెలిసే పెట్టాలి.

పెట్టుబడిదారుల సంఘాలు, సమావేశాలు ఉంటాయి. వెళ్లొచ్చు. అక్కడ ప్రతిసారీ మాట్లాడేది ఏదో ఒకటి అమ్మేవాళ్లే అయితే కాఫీ తాగి వచ్చేయడమే. వెనక వరసలో కూర్చుని, తన పాత ఇంటి డ్రైనేజీ గొడవ గురించి విసుక్కునే మనిషి కనిపిస్తే పక్కన కూర్చోమనండి.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. కొన్నాళ్లు చక్కగా సలహాలిచ్చిన మనిషి ఒకరోజు ‘నా ప్రాజెక్టులోనే పెట్టు, ఇంత శాతం గ్యారంటీ’ అంటే, ఆ క్షణం నుంచి ఆయన సలహాదారు కాదు, అమ్మకందారు. మర్యాద తగ్గించనక్కర్లేదు. కానీ ఆయన మాటను మళ్లీ సలహాగా తీసుకోకూడదు. ఆ ప్రాజెక్టు పత్రాలు వేరే లాయరు చూడాల్సిందే.

ఇక మీ డబ్బు గురించి. ఫీజుకు ఇవ్వొద్దని ముందే చెప్పాను. మొదటి పెట్టుబడికైతే, మీ అవసరాలకు, వైద్యానికి పక్కన పెట్టుకున్నది ముట్టుకోవద్దు. దానికి మించి ఉంటే, అమ్మాయి నాలుగైదు ఇళ్లకు అలాంటి కాగితాలు రాసి, కనీసం ఇద్దరు తెలిసినవాళ్లకు చూపించి, అద్దె రాని నెలల్లోనూ తన జీతంతో కిస్తీ కట్టగలనని అంకెల్లో చూపించాక కూర్చుని మాట్లాడండి. ఇచ్చేది బహుమతా, అప్పా, వాటానా అన్నది ఆ రోజే కాగితం మీద పెట్టుకోండి. వాటా అయితే ఆస్తి పత్రాల్లో మీ పేరు ఉండాలి. అమ్మాయి నొచ్చుకుంటుందేమోనని మొహమాటపడకండి. రేపు అద్దెదారుతో ఒప్పందం రాసుకునేటప్పుడు తనకూ ఈ అలవాటే కావాలి.