సంగటి ముట్టని మనిషి

కర్నూలు,
జూన్ 2025.

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రిప్టును రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం చదివాను. రెండోసారి, నీ మోసగాళ్లు ఆ బట్టల వ్యాపారితోపాటు నన్ను కూడా ఎక్కడెక్కడ బురిడీ కొట్టించారో వెతుక్కుంటూ చదివాను. మోసం మీద నడిచే సినిమాకు ఆ రెండో చదువే అసలు పరీక్ష. అందులో నీ స్క్రిప్టు సగమే నెగ్గింది. మెచ్చుకోవలసినవి ఫోన్‌లో ఎలాగూ చెప్పాను కనుక, నెగ్గని సగం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

జొన్నగిరి చేను సీనును మాత్రం మళ్లీ ఒకసారి తలచుకోకుండా ఉండలేను. తొలకరి వాన వెలిసిన మర్నాడు తుగ్గలి, మద్దికెర మండలాల చేలల్లోనూ, అటు అనంతపురం జిల్లా వజ్రకరూరు పొలాల్లోనూ సద్దిమూటలతో దిగిన జనం నేలచూపులు చూస్తూ, ఎర్రమట్టిలో వజ్రపు మెరుపు కోసం వెతుక్కోవడాన్ని నువ్వు కళ్లారా చూసి రాశావని తెలుస్తూనే ఉంది. రాయి దొరికిందన్న మాట పుట్టగానే వాలిపోయే దళారులను, ఎవరు ఎంతకు అమ్ముకున్నారో ఎవరూ పైకి చెప్పని ఆ గుసగుసలను చక్కగా పట్టుకున్నావు. మోసగాళ్ల కథకు మన సీమలో ఇంతకన్న మంచి చోటు లేదు, ఎందుకంటే అక్కడ వజ్రాలు అప్పుడప్పుడు నిజంగానే దొరుకుతాయి. ఒకడికి నిజంగా దొరికిన రాయే వందమందికి అబద్ధపు రాయిని అమ్మిపెడుతుంది. ఆ సీనులో ఒక్క అక్షరం కూడా మార్చవద్దు.

చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. నీ బట్టల వ్యాపారి ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లు కొట్టు నడిపినవాడని రాశావు. బట్టను వేళ్ల మధ్య నలిపి నాణ్యం చెప్పేవాళ్ల మధ్య, బంగారాన్ని గీటు చూసి మాట్లాడేవాళ్ల మధ్య బతికిన మనిషి అతను. అటువంటివాణ్ని తీరా మోసం దగ్గరకు వచ్చేసరికి పసిపిల్లవాణ్ని చేసి, గాజురాయికి ఇరవై లక్షలు సంచిలో పెట్టి ఇప్పించావు. నీ కథానాయకుడు తెలివైనవాడని చూపించడానికి ఎదుటివాణ్ని తెలివితక్కువవాణ్ని చేశావు. అలా చేస్తే ఇద్దరూ పలచబడిపోతారు, నాయనా.

నా ఎరుకలో జరిగిన ఒక మోసం చెబుతాను. మా పెద్దనాన్న గుత్తి దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. లెక్కల్లో గట్టివాడు, ఎవరికీ రూపాయి బాకీ లేనివాడు. ఒకనాటి సాయంత్రం ఒక కూలి మనిషి వచ్చి, పాత ఇంటి పునాది తవ్వుతుంటే కుండలో బంగారు గుండ్ల దండ దొరికిందని, దాన్ని అమ్ముకోవడం తనకు చేతకాదని, పంతులుగారైతే అన్యాయం చేయరని నమ్మి వచ్చానని చెప్పాడు. ఆ మాటను గమనించు. నన్ను నమ్మండి అని వాడు అనలేదు, మిమ్మల్ని నమ్మాను అన్నాడు. దండలోంచి రెండు గుండ్లు తెంపి ఇచ్చి, మీకు తెలిసిన కంసాలికే చూపించుకోండి అన్నాడు. కంసాలి గీటురాయి మీద గీసి, అచ్చమైన బంగారమని తేల్చాడు. ఆ రెండూ నిజంగా బంగారమే. మిగిలిన దండంతా ఇత్తడి. పెద్దమ్మ సంగటి పెడతానంటే ఆ మనిషి తినలేదు, చెంబుతో నీళ్లిస్తే ముట్టలేదు, మీ ఎదుట కూర్చుని తినేటంతటివాణ్నా అంటూ అరుగు కిందే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ వినయానికి పెద్దనాన్న కరిగిపోయి, పెద్దమ్మ గొలుసు తాకట్టు పెట్టి మరీ డబ్బు తెచ్చాడు.

సంగతి బయటపడ్డాక ఆయన పోలీసుస్టేషను గడప తొక్కలేదు. పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపం నేలలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతుంది. ఆ సంగతి పంతులుకు తెలుసు. తెలిసి కూడా, కూలివాడి అమాయకత్వాన్ని ఆసరా చేసుకుని బంగారాన్ని సగం ధరకు కొట్టేయబోయాడు. అంటే ఆ సాయంత్రం ఆ అరుగు మీద, మోసం చేస్తున్నవాడు తానేనని మా పెద్దనాన్న అనుకుంటూ ఉన్నాడన్నమాట. చాలా ఏళ్ల తర్వాత నాతో ఈ కథ చెప్పినప్పుడు డబ్బు ప్రస్తావన ఎత్తలేదు. ‘వాడు మనింట్లో నీళ్లు గూడా ముట్టలేదు రా. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యగూడదని వానికీ ఉండె’ అన్నాడు, కొంచెం గౌరవంగానే.

ఇప్పుడు నీ వ్యాపారి దగ్గరకు రా. అతను రాయిని గుర్తుపట్టలేనివాడు కానక్కరలేదు. తన సొంత మనిషిచేతనే పరీక్ష చేయించనీ, ఆ పరీక్షలో అసలు రాయే నెగ్గనీ. చేను కౌలుదారుడికి విలువ తెలియదని, వాడికి తెలిసేలోగా బేరం ముగించాలని అతనికి తొందర పుట్టనీ. ఆ తొందరకు తోడు, ఇంట్లో భార్యకు కూడా చెప్పుకోలేని చిన్న సిగ్గు ఒకటి పెట్టు. అప్పుడు రాయి మార్చే క్షణం దానంతట అదే వస్తుంది, నీ కథానాయకుడు గారడీ చేయనక్కరలేదు. పైగా నీ వాడు మరీ ఎక్కువగా మాట్లాడుతున్నాడు. నేను చూసినంతలో ఇటువంటి మనిషి ‘మనకెందుకులేన్నా ఈ గొడవ’ అని వెనక్కు తగ్గుతాడు, బతిమాలే పనిని ఎదుటివాడికి వదిలేస్తాడు.

నీ చివరి ఇరవై నిమిషాలు నాకు నచ్చలేదు. ఫ్లాష్‌బ్యాక్ మీద ఫ్లాష్‌బ్యాక్ వేసి, అసలు కౌలుదారుడు కూడా ముఠాలోవాడేనని, ఎస్సై కూడా వాళ్ల మనిషేనని, మేము ముందెన్నడూ చూడని సీన్లను తెచ్చి చూపించావు. చూపించకుండా దాచిపెట్టి, తర్వాత తీసి చూపించడం చాలా సులువు. ప్రేక్షకుడు అప్పటికి చప్పట్లు కొట్టినా, ఇంటికి వెళ్లే దారిలో నీ మీద కోపం తెచ్చుకుంటాడు. సంగటి ముట్టని మనిషిని మళ్లీ తలచుకో. అతను తినకపోవడం అందరి ఎదుటే జరిగింది, అందరూ దాన్ని వినయమనే అనుకున్నారు. మోసం తెలిశాక ఆ సీనును తిరిగి వేయనక్కరలేదు, చూసినవాడి తలలో అది దానంతట అదే తిరగబడుతుంది. నీ స్క్రిప్టులో కూడా అటువంటిది ఒకటి ఉంది, నువ్వే గమనించలేదు: కౌలుదారుడు వ్యాపారి కారు ఎక్కకుండా మోటారు సైకిలు మీద వెనకాలే వస్తాడు. దాన్ని ఎందుకు వృథా చేశావు? నీ ట్విస్టుకు అదొక్కటి చాలు.

ఎస్సై సంగతి మరొకలా ఆలోచించవచ్చు. 1987 మార్చిలో బొంబాయిలో ఒక మనిషి పత్రికలో ఉద్యోగ ప్రకటన ఇచ్చి, పెద్ద హోటల్లో ఇంటర్వ్యూలు చేసి, ఎంపికైన 26 మంది యువకులను వెంటబెట్టుకుని, సీబీఐ దాడి అని చెప్పి ఆపెరా హౌస్ ప్రాంతంలో ఒక నగల దుకాణంలోకి వెళ్లాడు. సరుకు తీసుకుని మాయమయ్యాడు, ఇంతవరకు దొరకలేదు. ఆ యువకులు ఎవరూ నటించలేదు. తమకు నిజంగా సర్కారు ఉద్యోగం వచ్చిందనే నమ్మారు. దుకాణంవాళ్లకు అనుమానం కలగకపోవడానికి వాళ్ల నమ్మకం ఎంతగా పనికొచ్చి ఉంటుందో ఊహించు. దాని మీద హిందీలో సినిమా వచ్చేసింది కనుక దాన్ని ఎత్తుకురావద్దు. కానీ నీ ఎస్సైని ముఠాలో కలపడంకన్న, తన పని తాను నిజాయితీగా చేస్తూనే ముఠాకు ఉపయోగపడేటట్టు రాస్తే కథ ఎంత చిక్కబడుతుందో చూడు.

రెండో సగంలో రైస్ పుల్లింగ్ చెంబు, అదే, బియ్యపు గింజలను లాక్కునే మహిమ ఉందని నమ్మించి డబ్బు గుంజే చెంబు, పెట్టావు. మన వైపు చాలామంది దానికి బలైపోయారు, ఉండవలసిందే. అయితే బియ్యపు గింజలు చెంబుకు అతుక్కోవడాన్ని మాయలాగా చూపించి వదిలేశావు. అన్నం వండేటప్పుడు ఇనుపరజను కలిపి, ఆరబెట్టి గింజలు చేసేవాణ్ని, చెంబు అడుగున అయస్కాంతం అతికించేవాణ్ని ముందే చూపించు. ఎలా చేస్తారో తెలిసిన తర్వాత కూడా, తళతళలాడే బట్టలు తొడుక్కున్న దొంగ శాస్త్రవేత్త పరీక్ష ఖర్చు అడిగినప్పుడు మోసపోతున్న మనిషి జేబులోకి చెయ్యి పోనిస్తుంటే, చూసేవాళ్లకు గుండె పట్టేస్తుంది.

చిన్నవి రెండు మూడు. కథ 2025లో జరుగుతుంటే ఎఫ్ఐఆర్‌లో సెక్షన్ 420 అని రాయకూడదు; 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది, అందులో అది 318(4). జనం నోట మాత్రం ఫోర్ ట్వంటీగాడు ఫోర్ ట్వంటీగాడుగానే ఉంటాడు, ఆ తిట్టును కదిలించకు. సుమోలు తగలబడే సీను తీసెయ్యి. కర్నూలు అనగానే సుమో తగలబెట్టాలని మనకు మనమే శాసనం రాసుకున్నాం. శాసనం అంటే గుర్తొచ్చింది. ముఠా వాటాలు పంచుకునే సీనును ఎర్రగుడి బండల మీద పెట్టావు, బాగుంది. సత్యం పలకాలని అశోకుడు చెక్కించిన రాతి పక్కన దొంగలు వాటాల కోసం అబద్ధాలాడుకోవడం గొప్ప ఊహ. కానీ ఒక పాత్ర నిలబడి శాసనం అర్థం విడమరిచి చెబుతున్నాడు. అతని నోరు మూయించు, తెలిసినవాడికి తెలుస్తుంది, తెలియనివాడికి బండలు కనిపిస్తాయి, అది చాలు.

తిరగరాసిన ప్రతిని ఆగస్టులోగా పంపగలిగితే మంచిది, ఆ తర్వాత కంటి ఆపరేషన్ ఉంది. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టి, ఒకవైపే ప్రింటు తీయించు. మార్జిన్‌లో రాయడానికి చోటు కావాలి. పత్తికొండ బస్సు దిగి నేరుగా నువ్వే పట్టుకొస్తే ఇంకా మంచిది. మీ పిన్ని సంగటి, పప్పు చేస్తానంటోంది.

ఆశీస్సులతో,
మీ బాబాయి