టెక్ సందేహాలు: దిద్దే సాఫ్ట్‌వేరా, తిరగరాసే సాఫ్ట్‌వేరా?

ప్రశ్న: చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతుల విభాగం చూస్తున్నాను. చదివింది తెలుగు మీడియం. రోజూ విదేశీ కొనుగోలుదారులకు ఇంగ్లీషులో మెయిళ్లు రాయాలి. గ్రామర్లీ కొనుక్కోవాలా, క్విల్‌బాట్ కొనుక్కోవాలా? రెండూ ఒకటేనని మా ఆఫీసులో అంటున్నారు.

జవాబు: మీ ఆఫీసువాళ్లు అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. వ్యాకరణం దిద్దే సాఫ్ట్‌వేర్‌గా 2009లో మొదలైన గ్రామర్లీలో ఇప్పుడు వాక్యాన్ని మొత్తం తిరగరాసే బటన్ ఉంది. తిరగరాయడానికే పేరుపడిన క్విల్‌బాట్‌లో వ్యాకరణం దిద్దే పేజీ కూడా ఉంది. కాబట్టి ఏ కంపెనీ అన్నది పక్కనపెట్టి, ఏ బటన్ నొక్కుతున్నారన్నది చూసుకోండి.

వ్యాకరణం దిద్దే సాఫ్ట్‌వేర్ మీరు రాసిన వాక్యాన్ని అలాగే ఉంచి, అనుమానం ఉన్నచోట గీత గీస్తుంది. ఒప్పుకోవడమో వదిలేయడమో మీ ఇష్టం. పారాఫ్రేజింగ్ సాఫ్ట్‌వేర్ మీ వాక్యాన్ని తీసుకుని దాని బదులు వేరే వాక్యం ఇస్తుంది. అర్థం మారలేదా అన్నది సరిచూసుకోవలసింది మీరే. చిక్కంతా ఇక్కడే ఉంది: ఇంగ్లీషు బాగా వచ్చినవారు ఆ తేడాను పట్టుకోగలరు కానీ వారికి ఈ సాఫ్ట్‌వేర్ అవసరం తక్కువ, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవారికి అవసరం ఎక్కువ, తేడా మాత్రం కంటికి ఆనదు.

మీ పనిలోంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. ‘ది డ్రమ్స్ వాజ్ లోడెడ్ ఎస్టర్డే, వి మే షిప్ దెమ్ ఆన్ ఫ్రైడే’ అని రాశారనుకోండి. దిద్దే సాఫ్ట్‌వేర్ ‘వాజ్’ కింద గీత గీసి ‘వర్’ అని సూచించి ఊరుకుంటుంది. తిరగరాసేది వాక్యాన్ని నున్నగా చేసే ప్రయత్నంలో ‘మే షిప్’ను ‘విల్ షిప్’ చేయవచ్చు. పంపవచ్చు అన్న మాట పంపుతాము అన్న హామీగా మారిపోతుంది. శుక్రవారం సరుకు ఓడ ఎక్కకపోతే కొనుగోలుదారుడు ఆ మెయిలే తీసి చూపిస్తాడు. అలాగే ‘అసెప్టిక్ తోతాపురి పల్ప్, మినిమమ్ 14 బ్రిక్స్’ (బ్రిక్స్ అంటే తీపిని కొలిచే ప్రమాణం) అన్న మాటలో ‘అసెప్టిక్’ బదులు ‘స్టెరైల్’, ‘మినిమమ్’ బదులు ‘అరౌండ్’ వచ్చి కూర్చుంటే, చదవడానికి ఇబ్బంది లేకపోవచ్చు గానీ ఒప్పందం ప్రకారం అది వేరే సరుకు.

అందువల్ల మీ రోజువారీ మెయిళ్లకు దిద్దే సాఫ్ట్‌వేర్ చాలు, దానికీ ఇప్పుడే డబ్బు కట్టనక్కరలేదు. జీమెయిల్‌లోనూ గూగుల్ డాక్స్‌లోనూ వ్యాకరణ సూచనలు వాటంతటవే వస్తాయి. వర్డ్‌లో మైక్రోసాఫ్ట్ ఎడిటర్ ఉంది. గ్రామర్లీ ఉచిత ఖాతా కూడా ఉంది. వాడేముందు సెట్టింగుల్లో అమెరికన్ బదులు బ్రిటిష్ ఇంగ్లీషో, ఉంటే ఇండియన్ ఇంగ్లీషో ఎంచుకోండి, లేకపోతే ‘కలర్’, ‘సెంటర్’ వంటి మాటల స్పెల్లింగు దగ్గర కూడా గీతలు పడి, అసలు తప్పు ఎక్కడుందో తెలియకుండా పోతుంది. తిరగరాసే బటన్‌ను మొదటి పరిచయ మెయిల్‌కో, ఆలస్యానికి క్షమాపణ చెప్పే రెండు వాక్యాలకో వాడుకోండి. ధర, పరిమాణం, తేదీ, నాణ్యత ఉన్న వాక్యాన్ని మాత్రం దానికి అప్పగించకండి.

మరొక్క విషయం. ఇవి చాలావరకు మీరు టైపు చేసినదాన్ని తమ సర్వర్‌కు పంపి అక్కడ చదువుతాయి. 2018లో గ్రామర్లీ బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌లో (బ్రౌజర్‌కు తగిలించుకునే అదనపు సాఫ్ట్‌వేర్) ఉన్న లోపం వల్ల వాడుకరుల పత్రాలు ఇతర వెబ్‌సైట్లకు అందుబాటులోకి వచ్చే ప్రమాదం ఉందని సాఫ్ట్‌వేర్ భద్రతా లోపాలను వెతికే గూగుల్ బృందం ప్రాజెక్ట్ జీరో పరిశోధకుడు బయటపెట్టారు. కంపెనీ వెంటనే సరిచేసింది. లోపం పోయింది గానీ, ధరల కొటేషన్లు బయటి సర్వర్‌కు వెళ్లవచ్చా అన్నది మీ యాజమాన్యాన్ని అడిగి తేల్చుకోవలసిన సంగతి. కూడదంటే లాంగ్వేజ్‌టూల్ అనే దిద్దే సాఫ్ట్‌వేర్ చూడండి. అది ఓపెన్‌సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది, జావా (దాన్ని నడిపించే ఉచిత సాఫ్ట్‌వేర్) ఉన్న కంప్యూటర్‌లో సర్వర్‌ను మీరే నడుపుకుంటే రాసిన అక్షరం ఆఫీసు గడప దాటదు.

ప్రశ్న: తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్నాను. సిద్ధాంత గ్రంథంలో సారూప్యత, అంటే ఇతరుల రచనలతో కలిసే భాగం, 10 శాతం దాటకూడదట. నాది 23 శాతం వచ్చింది. పారాఫ్రేజింగ్ సాఫ్ట్‌వేర్‌తో తగ్గించుకోవచ్చునని స్నేహితురాలు చెప్పింది. నిజమేనా?

జవాబు: శాతం తగ్గవచ్చునేమో గానీ, చిక్కు తగ్గదు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం 10 శాతం వరకు శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే, ఆరు నెలలకు మించని గడువులో సవరించి మళ్లీ సమర్పించమంటారు. మూలాన్ని పేర్కొంటూ ఉటంకించిన భాగాలు, గ్రంథసూచి, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు, వరుసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసే మాటలు ఈ లెక్కలోకి రావని అదే నిబంధనల్లో ఉంది. చాలామంది ఈ మినహాయింపుల సంగతి చూడకుండానే కంగారు పడతారు. మీ 23 శాతంలో గ్రంథసూచీ వాటా ఎంతో ముందు మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అడిగి, మినహాయింపులు పెట్టి మళ్లీ నివేదిక తీయించండి. మిగిలినచోట్ల, మూలాన్ని చదివి, పుస్తకం మూసి, మీకు అర్థమైనట్టు రాసి, మూలం పేరు ఇవ్వండి. అడ్డదారి ఏదీ లేదు.

సాఫ్ట్‌వేర్‌తో తిరగరాయించినవారి గతి ఏమైందో 2021లో బయటపడింది. గిలామ్ కబనాక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగజీనోవ్ అనే ముగ్గురు పరిశోధకులు అచ్చయిన వ్యాసాల్లోనే ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ బదులు ‘కౌంటర్‌ఫిట్ కాన్షస్‌నెస్’ వంటి మాటలు పట్టుకున్నారు. పర్యాయపదాలు మార్చే యంత్రానికి పారిభాషిక పదమేదో, మామూలు మాటేదో తెలియకపోవడమే కారణం. నేటి సాఫ్ట్‌వేర్లు అంత మోటుగా ఉండవు, కానీ వాటిని పసిగట్టేవీ ఊరుకోలేదు: సారూప్యత నివేదికలిచ్చే టర్నిటిన్ అనే సాఫ్ట్‌వేర్ 2023 నుంచి ఏఐ రాతను గుర్తించే సదుపాయం ఇస్తోంది. ఆ గుర్తింపూ ఒక్కోసారి పొరబడుతుంది కాబట్టి, సొంతంగా రాసినవారు కూడా పాత చిత్తుప్రతులను గూగుల్ డాక్స్ వెర్షన్ హిస్టరీలో (మార్పుల చరిత్ర) భద్రంగా ఉంచుకోవడం మేలు. ఇక మీ ఇంగ్లీషులో ఆర్టికల్సు, ప్రిపొజిషన్లు సరిచూసుకోవడానికి దిద్దే సాఫ్ట్‌వేర్‌ను నిస్సంకోచంగా వాడండి. అయితే ఆ సంగతి మీ గైడ్‌కు చెప్పి వాడండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ తెలుగు పండితుణ్ణి, తిరుపతి నివాసిని. తెలుగు వ్యాసాలకు ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఉందా?

జవాబు: వ్యాకరణం దిద్దడానికి ఇంగ్లీషుకు ఉన్నంత పక్వమైనది లేదండి. పైన చెప్పిన లాంగ్వేజ్‌టూల్ భాషల జాబితాలో పక్కనున్న తమిళం ఉంది, మన భాష లేదు. అక్షరదోషాల వరకైతే వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో తెలుగు నిఘంటువు దొరుకుతుంది. దానితో పేచీ ఏమిటంటే, ‘వెళ్లాల్సివచ్చిందంటున్నారు’ వంటి మాట మనకు ఒకటే పదం, నిఘంటువుకు మాత్రం అపరిచితం. సంధి కలిసిన ప్రతిచోటా ఎర్రగీత పడుతుంది. మీరు కరెక్టుగా రాసిన మాటల మీద రైట్ క్లిక్ చేసి నిఘంటువులో చేర్చుకుంటూ పోతే ఎర్రగీతలు క్రమంగా తగ్గి, మిగిలినవాటిలో నిజమైన టైపు దోషాలు కనబడతాయి. తెలుగు వ్యాసాన్ని ఏఐ చాట్‌బాట్‌కు ఇచ్చి దిద్దమంటే చేస్తుంది గానీ, దిద్దమన్నా అది తిరగరాస్తుంది, శైలి చదునైపోతుంది. ‘అక్షరదోషాలు మాత్రం జాబితాగా చూపించు, వాక్యాలు మార్చవద్దు’ అని అడిగి, జాబితాలో ఏది తప్పో మీరే నిర్ణయించండి.