ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి

ప్రశ్న: మేడమ్, నా వయసు 34. పరవాడ వైపు మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. కూర్మన్నపాలెంలో అద్దెకుంటున్నాం. పెళ్ళయి ఏడేళ్ళు, ఐదేళ్ళ పాప. హాస్టల్ రోజుల్లో ఫోన్‌లో వీడియోలు చూడడంతో మొదలైంది. పెళ్ళయ్యాక తగ్గింది గానీ లాక్‌డౌన్ నుంచి మళ్ళీ పెరిగి, డబ్బు కట్టి వీడియో కాల్స్ మాట్లాడేదాకా వచ్చింది. రెండుసార్లు బయటికి కూడా వెళ్ళాను. లోన్ యాప్‌లలో 1,80,000 రూపాయల అప్పుంది. ఒకామె కాల్ రికార్డు చేశానని బెదిరిస్తే రెండుసార్లు డబ్బు పంపాను. పాప తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టాను. సింహాచలం మెట్లెక్కి ఒట్టు పెట్టాను. పదకొండో రోజున మళ్ళీ తప్పాను. రెండు నెలల కిందట బ్యాంకు మెసేజ్‌లు చూసి నా భార్య పాపని తీసుకుని బొబ్బిలి వెళ్ళిపోయింది. మామగారు పెద్దమనుషుల్లో పెడతానంటున్నారు. ఇది జబ్బా, నా బుద్ధే అంతా? వాల్తేరు మానసిక ఆసుపత్రికి వెళ్తే ఎవరైనా చూస్తే ఎలా? నా భార్య తిరిగొస్తుందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ ఉత్తరంలో ‘పదకొండో రోజున’ అన్నచోట ఆగిపోయాను. ఆ రోజు మీది ఏ షిఫ్టు? రాత్రి డ్యూటీ దిగి పొద్దున్నే వచ్చారా? ఇంట్లో ఎవరైనా ఉన్నారా? ముందురోజు ఎవరితోనైనా మాటామాటా వచ్చిందా? జీతం పడిందా? ఇవేవీ మీరు రాయలేదు. ఒట్టు తప్పానని మాత్రమే రాశారు. ఇన్నాళ్ళూ మీ లెక్క అంతా ఒట్టు నిలిచిందా, తప్పిందా అన్న దాని మీదే నడిచింది. అసలు సంగతి ఆ రోజులో ఉంది.

చిన్నప్పుడు ఆటల్లో ‘ఒట్టు తీసి గట్టు మీద పెట్టు’ అనుకునేవాళ్ళం. ఇప్పుడు మీరూ అదే చేయండి. నేను హాస్యానికి అనడం లేదు. ఒట్టు పెట్టిన నాలుగు రోజులూ మనసు తేలిగ్గా ఉంటుంది, ఇక గట్టెక్కేశాననిపిస్తుంది. తప్పిన రోజు ‘పాప తల మీద ఒట్టేసి కూడా ఆగలేని వెధవని’ అని మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. ఆ బాధ ఓర్చుకోలేక మనసు ఊరట వెతుక్కుంటుంది. ఇన్నేళ్ళుగా దానికి బాగా అలవాటైన ఊరట ఒకటే. మళ్ళీ చేయి ఫోన్ మీదికే పోతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఈ గానుగ తిరగడం ఎన్నోసార్లు చూశాను. ఒట్టు ఎంత పెద్దదైతే ఆ తర్వాత జారడం అంత లోతుగా ఉంటుంది. అన్నట్టు, మీరు ఒట్టు తప్పినందుకు పాపకి ఏదో అవుతుందన్న భయం లోపల పెట్టుకుని ఉంటే దాన్ని ఈ పూటే తీసేయండి. పాపకి ఏమీ కాదు.

జబ్బా, బుద్ధా అని అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11లో దీనికి చోటుంది. ఆ పట్టిక 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. లైంగిక కోరికను, దాని వెంట నడిచే పనులను అదుపు చేసుకోలేని స్థితి అని తెలుగులో చెప్పుకోవచ్చు. వారంలో ఎన్నిసార్లు అన్నది అక్కడ కొలత కాదు. ఆరు నెలలో అంతకు మించో ఇదే వరస సాగాలి. మానాలని పదేపదే ప్రయత్నించి ఓడిపోవాలి. ఇల్లు, ఉద్యోగం, ఆరోగ్యం దెబ్బతింటున్నా, ఒక్కోసారి దానిలో సుఖం కూడా లేకపోయినా ఆపలేకపోవాలి. అందులోనే ఇంకో మాట కూడా ఉంది, అది నాకు చాలా నచ్చింది: ‘ఇది పాపం’ అన్న బాధ ఒక్కటే ఉంటే దాన్ని జబ్బు అనకూడదు. ఎప్పుడో ఒక వీడియో చూసి నాకు రోగమొచ్చిందని ఏడుస్తూ వచ్చే కుర్రాళ్ళకి నేను ఈ మాటే చెప్పి పంపిస్తాను. మీ సంగతి వేరు. అప్పు, బెదిరింపు, ఇల్లు ఖాళీ కావడం ఇవన్నీ కళ్ళెదుట ఉన్నాయి. ఉత్తరం చూసి జబ్బు పేరు రాయడం నా పని కాదు గానీ, డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సినంత ఉందని మాత్రం చెప్పగలను.

దీన్ని ‘సెక్స్ అడిక్షన్’ అని అందరూ అంటున్నారు. మందుకో గంజాయికో అలవాటుపడటం లాంటిదేనా అన్న దాని మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఐసీడీ-11 దీన్ని ఆవేశాన్ని ఆపుకోలేని రుగ్మతల్లో చేర్చింది, వ్యసనాల్లో చేర్చలేదు. అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకంలో ఈ పేరుతో జబ్బే లేదు. మీకు ఈ తగాదాతో పనిలేదు. ఒక్క తేడా తెలిస్తే చాలు. మందు మానినవాడు జన్మలో గ్లాసు ముట్టకుండా బతకొచ్చు. మీరు మాత్రం కోరికే లేని మనిషి కానక్కర్లేదు. భార్యాభర్తల మధ్య ఉండాల్సింది ఉంటూనే, దొంగచాటుది పోవాలి. సన్యాసం పుచ్చుకున్నట్టు ఒట్లు పెట్టుకోవడం అందుకే కుదరదు.

ముందుగా సైకియాట్రిస్టుని కలవండి. ఆయన మొదట చూసేది దీని వెనక ఇంకేమైనా ఉందా అని. డిప్రెషన్ ఉందా, మందు తాగుతున్నారా, నిద్ర ఎంత, బైపోలార్ జబ్బులో మనిషి అతిగా హుషారెక్కే దశ ఏమైనా ఉందా అని అడుగుతారు. మీ వయసుకి సంబంధించింది కాదు గానీ, ఇది చదువుతున్న ఇంకెవరి ఇంట్లోనైనా పనికొస్తుంది: పార్కిన్సన్స్‌కి వాడే ప్రమిపెక్సోల్ లాంటి కొన్ని మందుల వల్ల పెద్దవయసువాళ్ళలో హఠాత్తుగా ఈ ప్రవర్తన రావచ్చు. ‘ఈ వయసులో ఇదేం బుద్ధి’ అని తాతగారిని చీదరించుకునే ముందు మందుల చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మందులు మాత్రం సొంతంగా ఆపకూడదు.

దీనికి ముఖ్యమైన వైద్యం మాటలతోనే, సీబీటీ అంటారు. వారం వారం కూర్చుని, ఏ పరిస్థితిలో ఏ ఆలోచన వచ్చి ఏ పని చేయించిందో విప్పి చూసుకోవడం. కొందరికి డిప్రెషన్‌కి వాడే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు, మరికొందరికి తాగుడు మాన్పించడానికి వాడే నాల్‌ట్రెక్సోన్ కూడా ఇస్తారు. ఎవరికి ఏది అన్నది డాక్టరు తేల్చాలి. మందుల కంపెనీలో చేస్తున్నారు కదా, పేరు తెలిసిందని షాపులో కొనుక్కోకండి. గోడల మీద ‘నరాల బలహీనత’ అని రాసుకుని లాడ్జి గదుల్లో కూర్చునేవాళ్ళ జోలికి అసలే పోవద్దు. వాళ్ళు మీ భయానికి రేటు కడతారు.

మొదటి అపాయింట్‌మెంట్ దొరికేలోపు ఒక పని చేయండి. ఒక నోటుబుక్కులో ఆత్రం పుట్టిన ప్రతిసారీ టైము, ఏ షిఫ్టు, నిద్ర ఎన్ని గంటలు, అప్పటికి ఏం జరిగింది, ఎవరు పక్కనున్నారు అని రాయండి. జారారా లేదా అన్నది చివరి గడిలో రాయండి, మొదటి గడిలో కాదు. రెండు వారాలు రాస్తే మీకే కనపడుతుంది. షిఫ్టు డ్యూటీ చేసే చాలామందికి ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా గండం. ఒళ్ళు అలిసిపోయి ఉంటుంది, నిద్ర పట్టదు, ఇల్లు ఖాళీగా ఉంటుంది, ఫోన్ చేతిలో ఉంటుంది. మీ గండం టైము ఏదో తేలాక దాన్ని మార్చడం గట్టి నిర్ణయాల కంటే సులువు. డ్యూటీ దిగగానే ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టి పడగ్గదిలోకి వెళ్ళడం, టిఫిన్ ఇంట్లో కాకుండా బయట నలుగురిలో తిని రావడం, తమ్ముడో స్నేహితుడో కొన్నాళ్ళు మీ దగ్గర ఉండడం. చిన్నవే. కొంత డబ్బు చేతికి అందకుండా నమ్మకమైన ఒకరి ఖాతాలో పెట్టడం మాత్రం చిన్నది కాదు, అది ఈ నెలే చేయండి.

ఆత్రం పుట్టినప్పుడు దానితో కుస్తీ పట్టకండి. జాలరిపేట దగ్గర పడవ దింపేవాళ్ళని చూసే ఉంటారు. పెద్ద కెరటం మీదికి ఉరకరు, అది విరిగేదాకా ఆగుతారు. ఆత్రం కూడా పెరిగి, విరిగి పోతుంది. దానికి చాలాసార్లు అరగంట చాలు. ఆ అరగంట ఇంట్లో ఉండకండి, ఫోన్ వదిలి రోడ్డెక్కండి.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి ఒకటుంది. రెండుసార్లు బయటికి వెళ్ళానన్నారు. హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు చేయించుకున్నారా? కేజీహెచ్ లాంటి ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రంలో హెచ్ఐవీ పరీక్ష ఉచితం. మీ అనుమతితోనే చేస్తారు, వివరాలు బయటపెట్టకూడదని చట్టం ఉంది. సందేహాలుంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి. చివరిసారి వెళ్ళి మూడు నెలలు నిండకపోతే, నిండాక ఇంకోసారి చేయించాలి. బయటికి వెళ్ళొచ్చిన తర్వాత కూడా మీరిద్దరూ కలిసి ఉన్నట్టయితే, ఈ విషయం మీ భార్యకి తెలియాలి. ఆమె కూడా పరీక్ష చేయించుకోవాలి. ఇందులో మొహమాటానికి చోటు లేదు.

ఆ బెదిరింపు మనిషికి ఇంకో రూపాయి పంపకండి. పంపేకొద్దీ అడుగుతారు. చాట్లు, నంబర్లు, డబ్బు పంపిన రసీదులు తుడిచేయకుండా దాచి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. వాళ్ళు ఇలాంటివి రోజూ వింటారు, మీ కథ కొత్తదేం కాదు.

వాల్తేరు గురించి. మన ఉత్తరాంధ్రలో ‘వీడిని వాల్తేరు పంపాలి’ అని ఎగతాళి చేసి చేసి మంచి ఆసుపత్రి గడప తొక్కడానికే భయపడేలా చేసుకున్నాం. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకి ఓపీకి వెళ్ళి మందులు రాయించుకుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చేవాళ్ళు ఎంతమందో. అక్కడ మిమ్మల్ని చూసి గుర్తుపట్టేవాళ్ళు ఉంటే, వాళ్ళూ ఏదో పని మీదే వచ్చి ఉంటారు కదా! 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాలి. అప్పటికీ కాలు కదలకపోతే ఫోన్‌లోనే మానసిక సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. తోటివాళ్ళ తోడు కావాలనుకుంటే, మద్యం మానేవాళ్ళ ఏఏ సంఘాల పద్ధతిలోనే దీనికీ ‘సెక్స్ అడిక్ట్స్ అనానిమస్’ ఉంది, 1977లో అమెరికాలో మొదలైంది. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, ఆన్‌లైన్ మీటింగులున్నాయి. ఇంగ్లీషు కాస్త అర్థమైతే చాలు. అది వైద్యానికి తోడు మాత్రమే, బదులు కాదు.

ఇక మీ భార్య. తిరిగొస్తుందో లేదో నేను చెప్పలేను బాబూ, ఆమె చెప్పాలి. బొబ్బిలికి మనుషుల్ని పంపకండి, పాప ఏడుస్తోందని ఫోన్‌లో కరిగించాలని చూడకండి. పెద్దమనుషుల ముందు పడగ్గది సంగతులు పెడితే మీకంటే ఆమెకే ఎక్కువ అవమానం. ఆ మాట మామగారికి మర్యాదగా చెప్పి, ‘కౌన్సెలర్ దగ్గర ముగ్గురం కూర్చుందాం, అమ్మాయి ఒప్పుకున్నప్పుడే’ అని అడగండి. అప్పు, వీడియో కాల్స్, బయటికి వెళ్ళడం అన్నీ ఒకేసారి, కౌన్సెలర్ సమక్షంలో చెప్పండి. ఇవాళ కొంచెం, దొరికిపోయాక ఇంకొంచెం చెప్పే మగాళ్ళని చూశాను. మొదటి నిజానికి తట్టుకున్న భార్యలు కూడా మూడో నిజానికి విరిగిపోతారు. పరీక్షల సంగతి మాత్రం ఆ సిట్టింగ్ దాకా ఆపకండి. ముందే చెప్పండి.

ఆమె తిరిగొస్తే ఫోన్ చేతికిచ్చి ‘నువ్వే చూసుకో’ అనకండి. ఆమెని కాపలా ఉద్యోగంలో పెట్టినట్టవుతుంది. మీ నోటుబుక్కు కౌన్సెలర్ చూస్తారు, ఆ పని ఆమెది కాదు. ఆమెకి వేరుగా మాట్లాడుకోవడానికి తనదైన కౌన్సెలర్ ఉంటే మంచిది. ‘నాలో ఏం తక్కువైంది’ అన్న ప్రశ్న ఆమెని తినేస్తూ ఉంటుంది. ఆమెలో ఏదో తక్కువై ఇది రాలేదు. మీకు ఇది పెళ్ళికి ముందే, హాస్టల్లోనే మొదలైందని మీరే రాశారు. ఆ ఒక్క ముక్క ఆమెతో మీ నోటితో చెప్పండి.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మీ షిఫ్టు చార్టు, నోటుబుక్కు, అప్పుల లెక్క రాసిన కాగితం పట్టుకెళ్ళండి. నైట్ డ్యూటీ దిగి నేరుగా వెళ్ళకండి. వీక్లీ ఆఫ్ రోజు నిద్రపోయి లేచి వెళ్ళండి.