నరసన్నపేట ప్రోగ్రాంకు బయల్దేరే ముందు

చిరంజీవి శ్రీనుకు,

మావయ్య ఆశీస్సులు. నరసన్నపేట అవతల జాతర ప్రోగ్రాం ఒప్పుకున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. మీ ఆర్కెస్ట్రా రాజమండ్రి చుట్టుపక్కల కాకుండా ఇంత దూరం వెళ్లడం ఇదే మొదలు కాబట్టి కొన్ని సంగతులు రాస్తున్నాను. మీవాళ్లందరికీ చదివి వినిపించు.

పొరుగూరి ప్రోగ్రాం పాట బాగోక చెడడం తక్కువ, ఆలస్యంగా చేరి చెడడమే ఎక్కువ. అందుకని లెక్క చివరి నుంచి వెనక్కి వేసుకో. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట మైకు మోగకూడదు. పండగలకని ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు గానీ అది ఏడాది మొత్తమ్మీద 15 రోజులకు మించకూడదు. మీ తేదీ అందులో ఉందో లేదో నోటిమాటగా కాకుండా, పోలీసు అనుమతి కాగితం ఫొటో తీసి పంపమని కమిటీవాళ్లను అడుగు. 10కి ఆపాలంటే 7కి మొదలెట్టాలి. మధ్యలో సన్మానాలూ ప్రసంగాలూ అరగంట తినేస్తాయి. 4కి సౌండ్ చెక్ మొదలవ్వాలంటే 2కల్లా సామాను స్టేజీ పక్కన దిగాలి. దూరం మూడొందల కిలోమీటర్ల పైమాటే. టెంపో ట్రావెలర్లో టిఫినూ టీలూ కలుపుకుని ఏడు గంటలు వేసుకో. అంటే ఒక గంట చేతిలో ఉంచుకుని పొద్దున్న 6కి బండి కదలాలి. సామాను వేసుకున్న బొలెరో పికప్ 5కే వెళ్లిపోవాలి, అందులో డ్రైవరు కాక మీవాళ్లు ఒకరు ఉండాలి.

అనకాపల్లి చేరాక విశాఖ ఊళ్లోకి దిగొద్దు. సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం తేలే బైపాస్ పట్టండి. గాజువాక, ఎన్‌ఏడీ ట్రాఫిక్‌లో పడితే ఆ రోజు సౌండ్ చెక్ పోయినట్టే. అన్నవరంలో కొండ కింద ప్రసాదం కొనుక్కోండి, దర్శనం మాత్రం తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి.

సామాను ఎక్కించేటప్పుడు దిగ్గానే కావాల్సినవి చివర ఎక్కాలి: కరెంటు బాక్సు, కేబుళ్ల పెట్టె, స్టాండ్లు. కీబోర్డు మీద ఏదీ పెట్టకండి. తబలా, ఢోలక్ పికప్‌లో వద్దు, మీతోపాటే సీటు మీద రావాలి. టార్పాలిన్ కింద ఎండవేడికి తోలు బిగిసి, అంచు దగ్గర చిట్లుతుంది. జాక్ కేబుళ్లు, మైకులకు వాడే ఎక్స్‌ఎల్ఆర్ కేబుళ్లు రెండేసి ఎక్కువ పట్టుకెళ్లు. కీబోర్డు స్టైల్స్ (ముందే తయారుచేసుకున్న తాళాలు) ఉన్న పెన్‌డ్రైవ్‌కి నకలు తీసి వేరే వాళ్ల జేబులో ఉంచు. అడాప్టర్లకు పేర్లు రాసి అంటించు. రోలాండ్ ఆక్టాప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) అడాప్టర్‌కి పిన్ను మధ్యలో నెగిటివ్, యమహా కీబోర్డు అడాప్టర్‌కి మధ్యలో పాజిటివ్. చీకట్లో హడావుడిగా ఒకదానిది ఇంకోదానికి గుచ్చితే బోర్డు పోవచ్చు.

సౌండు కమిటీవాళ్లు అక్కడి మనిషి చేతే పెట్టిస్తారు కాబట్టి అతనికి వారం ముందే లిస్టు పంపాలి. మీకు కావాల్సినవి: కీబోర్డుకు రెండు లైన్లు, ఆక్టాప్యాడ్‌కు రెండు, గిటార్‌కు, బేస్‌కు ఒక్కోటి, తబలాకు రెండు, ఢోలక్‌కు రెండు, పాటకు నాలుగు, యాంకర్‌కు ఒకటి. మొత్తం 15, పదహారు చానళ్ల మిక్సర్ సరిపోతుంది. మొదటి ఆరు లైన్లకు డీఐ బాక్సులు (వాద్యం సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న పెట్టెలు) ఉన్నాయా అని అడుగు. లేవంటే మీరే అద్దెకు తీసుకెళ్లండి.

ఇప్పుడు కరెంటు. దీన్ని మాత్రం రెండుసార్లు చదువు. జాతరల్లో జనరేటర్ త్రీఫేజ్‌ది ఉంటుంది. న్యూట్రల్ వైరు ఎక్కడైనా వదులైతే ఒక ఫేజ్ మీద 230 వోల్టులు రావాల్సిన చోట మూడొందలు దాటి వస్తుంది, కీబోర్డు కళ్లముందే కాలిపోతుంది. అందుకని మల్టీమీటర్ పట్టుకెళ్లి, ఏ ప్లగ్గూ పెట్టకముందే ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య చూడు: 220, 240 మధ్య ఉండాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సరిచేయించాకే ముట్టుకో. లైట్లు వెలిగించాక మళ్లీ కొలువు, లోడు పడ్డాకే అసలు సంగతి బయటపడుతుంది. లైట్లకూ సౌండుకూ ఒకే ఫేజ్ ఇవ్వనివ్వకు, డిమ్మర్ల గురగురంతా స్పీకర్లలోకి వస్తుంది. స్పీకర్లలో హమ్ (గుయ్యిమనే శబ్దం) వస్తోందని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్లు ఉంటారు. ఇనుప స్టేజీ మీద మైకు పట్టుకున్న పిల్ల పెదవికి షాకు కొట్టేది అలాంటప్పుడే. హమ్ పోవడానికి డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ ఉంది, అది నొక్కండి. కరెంటు నుంచి జనరేటర్‌కి మారే ఆ రెండు క్షణాల్లో కీబోర్డు ఆగి మళ్లీ మొదలైతే పాట చచ్చిపోతుంది కాబట్టి కీబోర్డుకీ ఆక్టాప్యాడ్‌కీ చిన్న యూపీఎస్ పెట్టు.

సౌండ్ చెక్‌లో అందరూ ఒకేసారి వాయించొద్దు. ఒక్కో లైను విడిగా, తర్వాత గొంతులు, ఆఖరున ఒక చరణం అందరూ కలిసి. మానిటర్ (పాడేవాళ్లు తమ గొంతు తాము వినే స్పీకర్) మైకు వెనక వైపున, పాడేవాళ్లకు ఎదురుగా ఉండాలి. మైకు జాలీని గుప్పిట్లో మూసి పాడే అలవాటు మీ గాయకుల్లో ఎవరికున్నా ఇప్పుడే మాన్పించు. వెనక రంధ్రాలు మూసుకుపోతే మైకు అన్ని వైపుల శబ్దాన్నీ లాక్కుంటుంది, కూత మొదలవుతుంది. వైర్‌లెస్ మైకుల్లో కొత్త బ్యాటరీలు వేసి, స్టేజీ మీద ఒక వైరు మైకు కూడా సిద్ధంగా ఉంచు. మంచు పడే వేళకు తబలా శ్రుతి దిగుతుంది. పాటకీ పాటకీ మధ్య గుడ్డ కప్పమను, సుత్తి చేతికందేలా ఉండాలి. సాహిత్యం కాగితాలకు క్లిప్పులు మరవకండి, పొలాల మీంచి గాలి బాగా వీస్తుంది.

గాయకులు ఐదున్నరకే ఇడ్లీయో ఉప్మానో తినేయాలి. కమిటీవాళ్లు ప్రేమగా వడ్డించే భోజనం ప్రోగ్రాం అయ్యాకే.

డబ్బు విషయంలో మొహమాటపడకు. సగం అడ్వాన్సు ఒప్పుకున్న రోజే, మిగతాది స్టేజీ ఎక్కే ముందు. బండి అద్దె, టోల్, డ్రైవరు బేటా, గదులు ఎవరివో వాట్సాప్‌లో రాసి, వాళ్ల చేత సరే అనిపించు. బాణసంచా మొదలయ్యాక డబ్బులిచ్చే పెద్దమనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు.

రాత్రే తిరిగి రావాలని మీవాళ్లు గొడవ చేస్తారు. ఒప్పుకోకు. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య హైవే మీద నిద్ర ముంచుకొస్తుంది, పక్కన ఆగిన లారీ దగ్గరకొచ్చేదాకా కనపడదు. డ్రైవరును ప్రోగ్రాం చూడనివ్వకుండా గదిలో పడుకోబెట్టు, అందరూ పడుకుని ఆరింటికి బయల్దేరండి. గదులు మూడు చాలు, ఆ ఖర్చు మొదట చెప్పే రేటులోనే కలిపేయి.

సౌండు మనిషికి పంపే లిస్టు ఆదివారంలోగా నాకోసారి పంపు, చూసి చెప్తాను.

ఇట్లు,
మావయ్య